మగ్గం ఎవరి పేరున

సచివాలయం గోడకు రెండు కాగితాలు అంటించారు. మొదటిది మగ్గం సాయానికి అర్హుల జాబితా, రెండోది అనర్హులది. యశోద మొదటి కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రెండుసార్లు వెతికింది. రెండోసారి వేలు పద్నాలుగో వరసలో ఆగింది. అది తన పేరు కాదు, తోడికోడలి పేరు. మారెమ్మ, భర్త కీ.శే. బసన్న, అర్హురాలు, తనిఖీకి లోబడి. తన పేరు రెండో కాగితంలో దొరికింది. కారణం అన్న గడిలో మూడే మాటలున్నాయి: సొంత మగ్గం లేదు.

నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి. ఇరవై రెండేళ్లుగా పొద్దున ఎనిమిదికి మగ్గం గుంతలో కాళ్లు దించితే దీపాలు పెట్టేవేళకు గాని పైకి తీయని మనిషి యశోద. ఆమెకు మగ్గం లేదట. ఎమ్మిగనూరుకు కాపురానికి వచ్చిన నాటినుంచి ఒక్కనాడూ అడ్డపోగు మోసే నాడె విసరని మనిషి మారెమ్మ. ఆమెకు మగ్గం ఉందట. కాగితం అబద్ధం చెప్పలేదు, అదే యశోదకు మరీ మంటగా ఉంది. తను నేసేది బసప్ప సావుకారు షెడ్డులో, ఆయన ఎనిమిది మగ్గాల్లో మూడోదాని మీద. మారెమ్మ మొగుడు బసన్న నేసిన మగ్గం మాత్రం, ఆయన పోయి నాలుగేళ్లయినా, ఆమె నడిమింట్లో కంబళి కప్పుకుని అలాగే ఉంది.

ఏటా ఒకసారి ఇరవై వేల పైచిలుకు బ్యాంకులో పడుతుంది. ఆ డబ్బు వస్తే ఏం చేయాలో యశోద ఎప్పుడో తేల్చుకుంది. పాత మగ్గం ఒకటి కొని ఇంట్లో దించుకుంటే, మొగుడు చంద్రశేఖర్ ఆదోని మానుకుని వచ్చేయొచ్చు. అతను అక్కడ పత్తి మిల్లులో పని చేస్తూ వారమంతా మిల్లు పక్క గదిలోనే పడుకుంటాడు. శనివారం సాయంత్రం వస్తాడు, సోమవారం మొదటి బస్సుకు పోతాడు. ఈ మధ్య దూది దుమ్ముకు దగ్గు పట్టుకుంది. వారానికి ఒకటిన్నర రోజు మొగుడితో కాపురం చేయడం యశోదకు విసుగెత్తింది.

లోపల వెల్ఫేర్ పనులు చూసే మౌనిక కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. ఆ పిల్లది చిప్పగిరి వైపు. వేరుశనగ గురించి అడిగితే గంట చెబుతుంది గాని, మగ్గం గురించి ఫోన్‌లో యాప్ అడిగినంతే తెలుసు.

"మేడమ్, నేసేది నేను. మగ్గం సాయం నాకు ల్యాకపోతే ఇంగెవరికి?" అంది యశోద.

"నేసేది మీరేనక్కా, నేను కాదంటినా? మగ్గం సావుకారిది గదా. మగ్గం ఇంట్లో ఉన్నోళ్లకే అని రూలు."

"మా యక్కకు ఎట్లొచ్చె మరి? ఆయమ్మకు నాడె యిసిరేదే రాదు."

మౌనిక స్క్రీన్ మీద ఏదో తెరిచి చూసింది. "మగ్గం ఉంది, పోయినేడు ఫోటో కూడా ఉంది. మీ ఇద్దరిదీ ఒకటే డోర్ నంబరు సూపిస్తాంది?"

"మా మామ కట్టిన ఇల్లు. నడుమ గోడ పెట్టుకున్న్యాం. నంబరు మార్సల్యా."

"ఒక డోర్ నంబరుకు ఒక మగ్గం, ఒక మగ్గానికి ఒక పేరు. అంతే అక్కా. సోమవారం తనిఖీకి నేనే వస్తా. ఈసారి ఫోటో చాలదంట. మగ్గం ఆడేది నిమిషం వీడియో తీయల్ల, ఆడించే మనిషి ముఖం కనపడల్ల. ఎవరు ఆడిస్తే వాళ్ల పేరే ఎక్కుతుంది. సాయంత్రం ఆరుకు యాప్ మూసేస్తారు."

ఆ పిల్ల మామూలుగానే చెప్పి ఇంకో కాగితం అందుకుంది. యశోద మాత్రం ఆ చివరి మాటల్ని కొంగున ముడివేసుకుని ఇల్లు చేరింది.

*

ఇల్లు మట్టి మిద్దె. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు నడుమ ఇటుక గోడ లేపారు. ఇటుకలు చాలలేదో, ఇద్దరికీ ఓపిక చాలలేదో, గోడ దూలాలకు జానెడు కిందనే ఆగిపోయింది. ఆ జానెడు సందులోంచి అటు పోపు ఘాటు ఇటు, ఇటు పోపు ఘాటు అటు వస్తుంది. మాటలు కూడా వస్తాయి.

ఈ నాలుగేళ్లలో ఆ సందులోంచి విన్నవాటిని యశోద ఒక్కటీ మరిచిపోలేదు. ఒకటో తేదీ పొద్దున్నే పెన్షన్ ఇచ్చేవాళ్లు వచ్చి "మారెమ్మా, వేలు పెట్టమ్మా" అనడం. పోయినేడు మగ్గం సాయం పడిన వారానికే పెద్ద టీవీ దిగడం, దాన్ని గోడకు బిగించే సుత్తి చప్పుడు. ఆ సుత్తి దెబ్బలకు ఇటువైపు గోడ సున్నం రాలి యశోద పిండి డబ్బాలో పడింది. పెన్షనుకు పెన్షను, సాయానికి సాయం, సున్నం మాత్రం తనకు.

టీవీ పెట్టడంలో కూడా మారెమ్మకో పద్ధతి ఉంది. వారమంతా వినబడీ వినబడకుండా పెట్టుకుంటుంది. శనివారం సాయంత్రం, సరిగ్గా చంద్రశేఖర్ ఇంట్లో అడుగు పెట్టే వేళకు, ఇల్లెగిరిపోయేలా పెంచుతుంది. మరిదికి తన టీవీ గొప్ప తెలియాలి గదా మరి. యశోద అలా లెక్కేసుకుంది. ఆ లెక్కలో ఆమెకు ఎన్నడూ అనుమానం రాలేదు.

ఒకసారి, ఒకటో తేదీనాడే, అటువైపు పెన్షన్ నోట్లు చేతులు మారే వేళకు యశోద ఇటువైపు కందిపప్పు డబ్బా అడుగు గీరుతోంది. మొగుడు పోతేనేమి, నెల తిరిగేసరికి చేతిలో డబ్బు పడుతుంది, దీనికేం తక్కువ అనుకుంది. అనుకున్నాక గరిటె చేతిలోనే ఆగిపోయింది. నుదుటి మీద బొట్టు తడుముకుని చూసుకుని, రెండు చెంపలూ వాయించుకుంది. ఆ శనివారం చంద్రశేఖర్ బస్సు అరగంట ఆలస్యమైతే వాకిట్లోనే నిలబడింది. అయినా ఆ మాట మళ్లీ ఇంకో ఒకటో తేదీకి తనంతట తనే వచ్చింది.

జాబితా చూసి వచ్చిన ఆ గురువారం సాయంత్రం మారెమ్మ గిన్నెలో గోరుచిక్కుడు కూర పట్టుకుని వచ్చింది. యాభై దాటిన భారీ మనిషి, మోకాళ్ల నొప్పులు. గడప దాటడానికి తలుపు పట్టుకోవాలి. ఊరికే కూర తెచ్చిచ్చే రకం కాదు.

"యశోదా, సోమవారం మేడమ్ వస్తాదంట. మగ్గం ఆడల్లంట, ఈడియో తీస్తారంట. పడుగు ల్యాకుండా యాడ ఆడతాది? నువ్వొక పడుగు ఎక్కించి, రెండు మూర్లు నేసి పెట్టి, నాలుగు తూర్లు నాడె యిసిరేది నాకు నేర్పిచ్చినావంటే..."

"నేనా?"

"నువ్వు గాక నాకెవరున్నారే? డబ్బు పడినాక నీ కష్టం ఉంచుకోనులే."

యశోదకు ఒళ్లంతా భగ్గుమంది. చెయ్యి తనది, కాలు తనది, పేరూ డబ్బూ ఈమెవి. కూర గిన్నె తిప్పి చేతిలో పెట్టి, నీ పని నువ్వే చేసుకోమని చెప్పాలని నోరు తెరిచింది. అప్పుడు మౌనిక మాట గుర్తుకొచ్చింది. ఎవరు ఆడిస్తే వాళ్ల పేరే ఎక్కుతుంది.

"దానికేముందక్కా, సావుకారి దగ్గర పడుగు తెస్తాలే" అంది. తన గొంతు అంత తీయగా ఉండగలదని యశోదకు అంతవరకు తెలియదు.

*

శుక్రవారం పొద్దున బసప్ప సావుకారిని రెండు చీరలకు సరిపడే నిలువు పోగుల పడుగు అడిగింది. ఇంటి దగ్గర నేసినా కూలి అంతేనని ముందే ఒక మాట అనుకుని ఆయన ఇచ్చాడు.

మగ్గం మీది కంబళి తీస్తే దుమ్ము లేవలేదు. నాలుగేళ్లు పడి ఉన్న మగ్గం, కొయ్య నున్నగా నూనె పట్టించినట్టు ఉంది. దువ్వెనలాంటి అచ్చులో బసన్న పడుగు పోగులు అలాగే దిగి ఉన్నాయి, కొనలు గుత్తులుగా కట్టి ఉన్నాయి. ముందు వైపు గుడ్డ చుట్టే కర్రకు ఆయన నేసి వదిలిన మూరెడు గుడ్డ, వంకాయ రంగుది, బిగువు తగ్గకుండా చుట్టుకుని ఉంది. వాడని వస్తువుకు ఇన్ని సేవలా అనుకుంది యశోద. మూడేళ్ల కింద ఈ మగ్గాన్ని తనకు అమ్మమని అడిగితే మారెమ్మ ముఖం పక్కకు తిప్పుకుని, "అది ఈ ఇంట్లోనించి కదిలేది కాదు" అనేసింది. సాయం డబ్బు కోసమే దాన్ని మేపుతోందని యశోద ఆనాడే తీర్మానించుకుంది.

కొత్త పడుగు ఎక్కించాలంటే పాత పోగుల కొనలకు కొత్త పోగులు ఒక్కొక్కటిగా అతకాలి. వేళ్లకు బూడిద రాసుకుని, రెండు కొనలూ కలిపి మెలిపెడితే ముడి లేకుండా ఒకటైపోతాయి. అలా వేల పోగులు. ఒక్క మనిషికి రెండు రోజుల పని. యశోద కుడిపక్కనుంచి మొదలుపెట్టింది. కాసేపటికి మారెమ్మ మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి ఎడమపక్కన కూర్చుని, తనూ బూడిదలో వేళ్లు పెట్టింది.

"నీకు వస్తాదా?"

"మీ బావకు ఇరవై ఏండ్లు ఎవరు అతికిరి?"

చూస్తే ఆమె వేళ్లు యశోద వేళ్లకంటే ఒక పోగు ముందే ఉన్నాయి. మధ్యాహ్నం దాటాక ఆమె రాట్నం ముందు వేసుకుని, నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టింది. ఒక్కో కండె ఒకే లావున, ఎక్కడా ఉండ కట్టకుండా వచ్చింది. షెడ్డులో సావుకారు ఇచ్చే కండెలు నాడెలో సగంలోనే చిక్కుపడతాయి. మగవాళ్లు నేస్తే ఆడవాళ్లు చుట్టి, అతికి, గంజి పెట్టారు. ఆ పనికి ఏ కాగితంలోనూ గడి లేదు. యశోద ఆ సంగతి గమనించింది గాని, మారెమ్మను మెచ్చుకోవడానికి మనసొప్పలేదు.

"ఈ పాత గుడ్డ కోసేస్తా అక్కా, అడ్డముంది."

"వద్దు!" అంది మారెమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "ఉండనీ. దాని ఎనకనే నేయి" అంది.

మూరెడు గుడ్డకు కూడా ఇంత పీనాసితనం అనుకుంది యశోద.

చీకటి పడేముందు మారెమ్మ గుంతలో కాళ్లు దించి నాడె ఆడించడం నేర్చుకోబోయింది. తాడు లాగితే కాలు మరిచిపోయింది, కాలు తొక్కితే తాడు మరిచిపోయింది. మూడోసారి రెండూ గుర్తొచ్చి ఒకేసారి చేస్తే నాడె ఎగిరిపోయి బియ్యం డబ్బాకు తగిలింది. మారెమ్మ పడీ పడీ నవ్వింది. యశోద కూడా నవ్వింది, కానీ ఆమె నవ్వు వేరు. ఈమె సోమవారానికి నేర్చుకునే మాట కల్ల అని ఆమెకు ధైర్యం వచ్చింది.

*

శనివారమంతా యశోద ఆ మగ్గం మీదే నేసింది. సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేసరికి వాకిట్లో చంద్రశేఖర్ చెప్పులు విడిచిన చప్పుడైంది. ఒకటి టప్పున, ఇంకొకటి కాస్త ఆగి టప్పున.

"యశోదా, నీళ్లు" అంటూ లోపలికొచ్చి మిరపకాయ బజ్జీల పొట్లం కింద పెట్టాడు. జేబుల్లో, చెవుల్లో, కనుబొమల్లో దూది. యశోద కొంగుతో దులుపుతూ, "మిల్లును సగం మోసుకొస్తివే" అంది. ఇద్దరూ నవ్వారు. నవ్వు ముగియకముందే గోడకు అటువైపు టీవీ ఒక్కసారిగా పెరిగింది. సీరియల్‌లో ఎవరో ఎవరినో నరికేస్తానని అరుస్తున్నారు.

"పెట్టింది" అంది యశోద పళ్లు కొరుకుతూ.

ఆ చప్పుడులో మాట వినబడాలంటే అరవాలి. బజ్జీ చల్లారకముందే యశోద తన ఆలోచన మొత్తం అతనికి చెప్పింది. డోర్ నంబరు, వీడియో, యాప్. చంద్రశేఖర్ తినడం ఆపాడు.

"అది మా యన్న మగ్గం."

"మీ యన్న మగ్గమే. మీ యన్న మీ వదినకు నేసేది నేర్పిచ్చినాడా?"

"తప్పు యశోదా. వదిన ఒంటి మనిషి."

"ఒంటి మనిషికి పెన్షను వస్తాది. నీ దగ్గుకు ఎవరిస్తారు పెన్షను? ఇంగ నాలుగేండ్లు ఆ మిల్లులోనే ఉంటావా? నువ్వేం సెప్పినా నేను ఇనను. సోమవారం ఆ మగ్గం మీద నేనే కూర్సుంటా, నా పేరే సెప్తా!"

చివరి మాట దగ్గర కరెంటు పోయింది. టీవీ గొంతు మధ్యలో తెగిపోయింది. "నా పేరే సెప్తా" అన్న మాట ఒక్కటే చీకట్లో దూలాల దాకా లేచి, ఆ జానెడు సందులోంచి అవతలికి దిగినట్టు యశోదకు అనిపించింది.

ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. అటువైపు అగ్గిపెట్టె గీసిన చప్పుడైంది. దీపం వెలుగు సందులో కదిలింది.  కాసేపటికి కరెంటు వచ్చింది. టీవీ మళ్లీ పెరిగింది, ముందుకంటే ఎక్కువగా.

"ఇన్నదంటావా?" అంది యశోద.

"ఇన్నా ఏమంటాది?" అన్నాడు చంద్రశేఖర్. మిగిలిన బజ్జీలు ఎవరూ ముట్టుకోలేదు.

ఆదివారం మారెమ్మ రాట్నం ముందే కూర్చుంది. ఇంకో పది కండెలు చుట్టి బుట్టలో సర్ది పెట్టింది. నాడె విసరడం నేర్పమని మాత్రం అడగలేదు.

*

సోమవారం చంద్రశేఖర్‌ను మొదటి బస్సుకు పంపించి, యశోద తలస్నానం చేసి పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుంది. వీడియోలో ముఖం కనపడాలి గదా. చేతులకు బూడిద వాసన పోయేలా రెండుసార్లు సబ్బు రుద్దుకుంది. మారెమ్మ ఏమంటే ఏమనాలో నాలుగు రోజులుగా కూర్చుకున్న మాటలన్నీ ఇంకోసారి నెమరేసుకుని అటువైపు పోయింది.

మారెమ్మ మగ్గం ముందు నేల అలికి, ముగ్గు పెట్టి, కొయ్యకు పసుపు కుంకుమలు పూసి, దీపం వెలిగించి ఉంది. పళ్లెంలో టెంకాయ.

"ఈ పొద్దు అమాస గదే" అంది.

యశోదకు తెలియక కాదు. షెడ్డుకు సెలవు కాబట్టే పట్టపగలు ఇక్కడికి రాగలిగింది. అమావాస్యనాడు ఆ వీధిలో ఏ మగ్గమూ ఆడదు. సావుకారు ఎంత ఆశపోతు అయినా ఆ ఒక్కనాడు తాళం వేస్తాడు. తను కూడా ఈ ఇరవై రెండేళ్లలో ఒక్క అమావాస్యకూ తాడు పట్టలేదు. గురువారం సచివాలయంలో మౌనిక సోమవారం అన్నప్పుడే ఆ సంగతి తట్టింది. తట్టినా మింగేసింది. చిప్పగిరి పిల్లకు మగ్గాల అమావాస్య ఏం తెలుస్తుంది?

"మేడమ్‌కు ఫోన్ చేసి రేపు రమ్మంటి. కుదరదనింది. ఆరుకు ఏందో మూసేస్తారంట" అంది మారెమ్మ. "పోతే పోనీలే అంటి."

"పోతే పోనీయా? ఇరవై వేలు!"

"మీ బావ ఎన్నడూ అమాసనాడు తాడు ముట్టల్యా."

యశోదకు ఒళ్లు మండిపోయింది. ఇరవై వేలను పోతే పోనీ అనగలగడం కూడా ఒక భోగమే. ఒకటో తేదీ పెన్షన్ ఉన్న మనిషి అనగలదు. అంతలో ఇంకో అనుమానం పుట్టింది. శనివారం మాట వినే ఉంటుంది. తనకు రాకపోయినా సరే, యశోదకు దక్కకూడదని అమావాస్యను అడ్డం పెడుతోంది.

పదకొండు దాటాక మౌనిక స్కూటీ దిగింది. ఎండకు ముఖం ఎర్రబారి ఉంది. వస్తూనే ఫోన్ తీసి డోర్ నంబరు ఫోటో తీసుకుంది.

"తొందరగా కానీయండమ్మా, ఇంకా పదకొండిళ్లు ఉన్నాయి. ఈ వీధిలో అందరూ అమాస అమాస అంటారు. మగ్గం ఆడకపోతే ఆడలేదనే రాయాల, నేనేం చేసేది? ఎవరు ఆడిస్తారు?"

మారెమ్మ పక్కకు తప్పుకుంది. యశోద చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గుంతలోకి దిగింది. కాళ్లు తొక్కుడు చెక్కల మీద పెట్టింది. చెయ్యి తాడు పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి లాగనంది. నాలుగు రోజులు మనసులో ఎన్నిసార్లో లాగిన తాడు అది. దీపం కొయ్యకు దగ్గరగా ఉంది, చీర చెంగు తగిలేలా ఉంది.

మారెమ్మ వంగి, దీపాన్నీ టెంకాయ పళ్లేన్నీ ఒక పక్కకు జరిపింది.

యశోద తాడు లాగింది. నాడె ఇటునుంచి అటు పోయింది. కాలు మార్చింది, నాడె తిరిగి వచ్చింది. మగ్గాలన్నీ మూగబోయిన వీధిలో ఆ ఒక్క చప్పుడు పెద్దగా వినిపించింది. ఎదురింటి తలుపు తెరుచుకుని ఎవరో తొంగి చూశారు. యశోద తలెత్తలేదు. మౌనిక ఫోన్ ఆమె ముఖానికి దగ్గరగా వచ్చి, చేతుల మీదికి దిగి, గుడ్డ మీద ఆగింది.

"సరిపోయింది. పేరు?"

"యశోద."

మౌనిక వేలు ఆగింది. "లిస్టులో మారెమ్మ అని ఉందే. ఏమ్మా, మీకు ఒప్పుదలేనా? తర్వాత నా దగ్గరికొచ్చి గొడవ చేస్తే నేను మార్చలేను."

యశోద కూర్చుకున్న మాటలన్నీ గొంతు దాకా తెచ్చుకుంది. రూలు అట్లుంది, నేసేది నేను, డోర్ నంబరు ఇద్దరిదీ.

"నేసే చెయ్యి ఆయమ్మది. రాసుకో మేడమ్" అంది మారెమ్మ.

మౌనిక ఫోన్‌లో పచ్చ గుర్తు వెలిగింది. వేలిముద్ర తీసుకుని, మంచినీళ్లు తాగి ఆ పిల్ల వెళ్లిపోయింది. అంత పనీ పది నిమిషాలు పట్టలేదు.

*

యశోద గుంతలోనే ఉండిపోయింది. కొట్లాటకు సిద్ధపడి వచ్చిన మనిషికి కొట్లాట దొరకకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

"రూలు అట్లుందక్కా" అంది చివరికి.

"నాకు శనివారమే తెలుసు. కరెంటు పోయింది గదా."

"మరి ఆ పొద్దే అడగకపోతివి?"

"ఏమని అడిగేది? నేను నేస్తానా?" మారెమ్మ గడపలో కూర్చుని మోకాళ్లు చాపుకుంది. "డబ్బు వద్దనేంత గొప్పదాన్ని కాదులే. నాకేం సేదా? కానీ నువ్వు నా టీవీని సూసి పండ్లు కొరికేది నాకు తెలుసు. శనివారం శనివారం అది యెందుకు పెంచుతానో తెలుసా నీకు?"

యశోద నాడెలో కండె సర్దింది. తన లెక్క ఆమెకు చెప్పేది కాదు.

"మీ ఆయప్ప సెప్పులు ఇడుస్తాడు సూడు, ఒకటి, మల్లా ఒకటి. అది ఇనపడతాది నాకు. యశోదా, నీళ్లు అంటాడు. నువ్వేందో అంటావు, ఇద్దరూ నగుతారు. అది ఇనలేక పెంచుతా. ఓర్సుకోలేక. మరిది సల్లగుండల్లని రాఘవేంద్ర సామికి మొక్కేది నేనే, ఆ నగు ఇంటే కడుపు మండేదీ నాకే. సెప్పుకుంటే సిగ్గు." ఆమె ముఖం కోపంగా ఉంది. ఎవరి మీద కోపమో యశోదకు తెలియలేదు. "ఇంతకు ముందు ఈ ఇంట్లో టీవీ యాడుండె? మగ్గం సప్పుడే. మీ బావ పోయినాక నాకు నిద్రలోనే ల్యాచి కూర్సునేంత నిశ్శబ్దం. నువ్వు మగ్గం అమ్మమంటివి. అమ్మితే గుంత పూడ్సల్ల, ఆడ ఒట్టి నేల సూడల్ల. నాకు సేతగాక ఇయ్యల్యా."

బయట ఎండ గడప దాకా వచ్చింది. యశోద కర్రకు చుట్టుకున్న వంకాయ రంగు గుడ్డను చూసింది. దాని అంచు దగ్గరనుంచే తన నేత మొదలైంది. అతుకు ఎక్కడో చేత్తో తడిమితే తప్ప తెలియదు.

"పేరు నీదే ఉండనీ, డబ్బు నువ్వే తీసుకో. మగ్గం మాత్రం ఈడనే ఉండల్ల. నువ్వే ఈడికొచ్చి నేయల్ల" అంది మారెమ్మ.

"సరే అక్కా."

"అమాసనాడు ముట్టినావు. ఆ టెంకాయ నువ్వే కొట్టు."

యశోద గుంతలోంచి పైకొచ్చి టెంకాయ కొట్టింది. మొదటి దెబ్బకు పగల్లేదు.

*

ఆ వారం యశోద షెడ్డుకు పోలేదు. పొద్దున వంట ముగించి అటువైపు పోయి కూర్చుంటే మధ్యాహ్నం మారెమ్మే రాగి సంగటి, గోంగూర పెట్టింది. తినడానికి కూడా ఇంటికి పోనవసరం లేకపోయింది. బసన్న నేసిన గుడ్డ కొత్త గుడ్డ మడతల కిందికి వెళ్లి కనబడకుండా పోయింది. టీవీ వినబడీ వినబడకుండా మోగుతూనే ఉంది. పేరు ఎక్కిందని చంద్రశేఖర్‌కు ఫోన్‌లో చెప్పలేదు. ముఖాముఖి చెప్పాలని, విన్నాక అతని ముఖం చూడాలని దాచి పెట్టుకుంది.

శనివారం సాయంత్రం చీర కొంగు ముగింపుకు వచ్చింది. ఈ నాలుగు వేళ్ల మేర నేత అయిపోతే లేద్దామనుకుని యశోద పొద్దు చూసుకోలేదు. మారెమ్మ రాట్నం తిప్పుతోంది.

గోడకు అటువైపు చెప్పులు విడిచిన చప్పుడైంది. ఒకటి టప్పున, కాస్త ఆగి ఇంకొకటి.

యశోద కాలు చెక్క మీదే ఆగిపోయింది.

"యశోదా, నీళ్లు."

ఆ గొంతు ఇంత దగ్గరగా వినిపిస్తుందని ఆమెకు తెలియదు. పక్కన నిలబడి పిలిచినట్టే ఉంది. అతను దగ్గాడు. పొట్లం కాగితం గరగరలాడింది. బిందె మూత తీసిన చప్పుడు, చెంబు ముంచిన చప్పుడు, గుటకలు కూడా వినబడ్డాయి. తను ఆ ఇంట్లో లేదు. తను లేకపోయినా ఆ ఇల్లు నిండుగా ఉంది. ఇటువైపు రాట్నం ఆగింది. ఇదన్నమాట వినేది. నాలుగేళ్లుగా, ప్రతి శనివారం, తన నవ్వుతో కలిపి.

"యాడికి పోయినావే? యశోదా!"

మారెమ్మ చెయ్యి అలవాటుగా రిమోట్ మీదికి పోయింది. ఆమె యశోద వైపు చూడలేదు, టీవీ వైపే చూస్తోంది.

ఇక్కడున్నానని ఒక్క మాట అంటే చాలు, అతనికి వినబడుతుంది. దాచుకున్న మాట కూడా ఇక్కడినుంచే చెప్పేయొచ్చు. యశోద కాలు చెక్క మీద అదిమింది. తాడు గట్టిగా లాగింది. నాడె పోయింది, వచ్చింది. ఇంకా గట్టిగా లాగింది. మగ్గం చప్పుడు గది నిండా పరుచుకుని, గోడకు అటువైపు దగ్గునూ పిలుపునూ కప్పేసింది.

మారెమ్మ రిమోట్‌ను పక్కన పెట్టి, రాట్నం మీద అయిపోవచ్చిన కండె కోసం చెయ్యి చాపింది.